ఒమాహాకి పేరిచ్చినవాళ్ళ ఊళ్ళలో ఒక శనివారం

మూడేళ్ళుగా అమెరికాలో, నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహాలో ఉద్యోగం చేస్తున్నా, ఆ ఊరికి పేరిచ్చిన ఒమాహా అనే ఆదివాసీ తెగ జనం గంటన్నర దూరంలోనే ఉన్నారన్న సంగతి ఈమధ్యే తెలిసింది. ఆగస్టులో ఒక శనివారం నేనూ, ఆఫీసులో నాతో పనిచేసే కుర్రాడూ పులిహోర డబ్బాతో హైవే 75 ఎక్కాం. దారిలో సిగ్నల్ ఉండదేమోనని ఆ తెగ అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న 1854 నాటి భూముల ఒప్పందం ప్రింటు తీసి పెట్టుకున్నాను.

డెకేటర్ దాటాక బ్లాక్‌బర్డ్ వ్యూపాయింట్ దగ్గర ఆగాం. కింద మిస్సోరి నది, అచ్చం గోదావరి వరదనీళ్ళ రంగు. తింటూనే కాగితాలు తిరగేశాం. 1854 మార్చి 16న వాషింగ్టన్‌లో ఏడుగురు ఒమాహా పెద్దలు సంతకం పెట్టారు. సంతకమంటే పేరు పక్కన ఇంటూ గుర్తు. నది పడమటి భూములిచ్చేసి, ఉండటానికి కొంత మాత్రం అట్టేపెట్టుకున్నారు. బదులుగా మొదటి 3 ఏళ్ళు ఏటా 40 వేల డాలర్లు, తర్వాత 10 ఏళ్ళు 30 వేలు, ఆపైన 15 ఏళ్ళు 20 వేలు, చివరి 12 ఏళ్ళు 10 వేలు.

మావాడు ఫోన్లో లెక్కేశాడు. "మొత్తం 8 లక్షల 40 వేలు. పోనుపోనూ తగ్గిపోతోందేంటన్నా?"

అసలు మెలిక అది కాదు. అందులో ఎంత చేతికివ్వాలో, ఎంత చదువులకీ వస్తువులకీ ఖర్చుపెట్టాలో అధ్యక్షుడి ఇష్టం. పొలం అమ్మినవాడి డబ్బు ఎలా ఖర్చవ్వాలో కొన్నవాడు చెప్పడమేమిటి! తాగినవాళ్ళ వాటా ఆపేయొచ్చని ఇంకో షరతు. పిండిమర, కమ్మరి కొలిమి, శత్రువులైన సూ తెగ నుంచి రక్షణ కూడా రాశారు. సంతకం పెట్టిన లోగన్ ఫాంటనెల్ మరుసటేడు వేటకెళ్ళి ఆ సూ వాళ్ళ చేతిలోనే చనిపోయాడు.

తెగవాళ్ళ ఊరు మేసీలో ఎక్కువసేపు ఆగలేదు. వాల్ట్‌హిల్‌లో సుసాన్ లా ఫ్లెష్ పికాట్ 1913లో కట్టించిన ఆసుపత్రి బయటి నుంచే చూశాం. సంతకం పెట్టిన జోసెఫ్ లా ఫ్లెష్ కూతురే ఈవిడ, 1889లో డాక్టరైంది. తాగుడు మీద జీవితమంతా పోరాడింది.

పెండర్‌లో పెట్రోలు కోసం ఆగాం. 1882 చట్టంతో ఇక్కడి భూముల్ని తెల్లవాళ్ళకి అమ్మారు. తెగవాళ్ళు మద్యం అమ్మకాల మీద పన్ను అడిగితే, ఊరివాళ్ళు ఇది రిజర్వేషనే కాదని కోర్టుకెళ్ళారు. (మన ఉద్యోగాల రిజర్వేషన్ కాదు, తెగకి మిగిలిన నేల.) 2016లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది: అమ్మినా హద్దు చెరగలేదని.

మావాడు బీరు ఫ్రిజ్ ముందు నిలబడి అడిగాడు. "అన్నా, ఇంతకీ మనమిప్పుడు లోపలున్నట్టా, బయటున్నట్టా?"

"లోపలే. నువ్వు కోక్ తీసుకో."