తొరాంగ్ లా నేర్పిన నడక

కిలిమంజారో శిఖరం, జాంబెజీ నదిలో రాఫ్టింగ్, ఐస్‌లాండ్ హిమానీనదాలు అన్నీ నాకు ప్రియమైనవే అయినా, ఇన్నేళ్ల విదేశీ సాహసయాత్రలలో నన్ను నిజంగా మార్చింది నేపాల్‌లోని అన్నపూర్ణ ప్రదక్షిణ మార్గమే. అక్కడి తొరాంగ్ లా కనుమ ఎత్తు 5,416 మీటర్లు. ఆ ఎత్తున ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువు సముద్రమట్టంలో అందేదానిలో సుమారు సగమే. అందుకే 3,000 మీటర్లు దాటాక, రాత్రి బస చేసే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని వైద్యులు చెబుతారు. కాళ్లలో సత్తువ ఉండి కూడా, ఎత్తుకు శరీరం అలవాటు పడేందుకు దారిలోని మనాంగ్ గ్రామంలో ఆగిపోవడం మొదట నాకు కష్టంగా తోచింది కానీ, సాహసంలో అత్యంత విలువైన గుణం ఓపికేనని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. పొద్దెక్కేకొద్దీ కనుమపై గాలి ఉద్ధృతమవుతుంది కనుక తెల్లవారకముందే బయలుదేరి, మధ్యాహ్నానికి అవతలి వైపునున్న ముక్తినాథ్‌కు దిగాము. వైష్ణవుల నూట ఎనిమిది దివ్యదేశాలలో ఒకటైన ఆ క్షేత్రానికి మన తెలుగు యాత్రికులూ జోమ్‌సోమ్ పట్టణం మీదుగా వస్తుంటారు. మన బరువులు మోసే కూలీలకు మంచి కోటు, బీమా ఉన్నాయో లేదో బయలుదేరేముందే అడగడం ప్రతి యాత్రికుని బాధ్యత.