వాసన తెలుస్తోందా అని అడిగితే సరిపోదు

కోవిడ్ రోజుల్లో ఫోన్ చేసినవాళ్లంతా ముందు "వాసన తెలుస్తోందా?" అనే అడిగేవాళ్లు, తెలుస్తోందంటే హమ్మయ్య అనుకునేవాళ్లు. అయితే 2020లో టెహ్రాన్‌లోని ఒక ఆసుపత్రిలో 60 మంది కోవిడ్ పేషెంట్లకి వాసన పరీక్ష పెడితే 59 మందిలో ఎంతో కొంత లోపం బయటపడింది. వాసనో రుచో తగ్గిందని తమంతట తాము చెప్పినవాళ్లు మాత్రం నూటికి 35 మందే!

ఆ పరీక్షని 1980లలో అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీలో రిచర్డ్ డోటీ బృందం తయారుచేసింది. మొత్తం 40 వాసనలు. కాగితం మీద గోధుమరంగు పట్టీ ఉంటుంది, పెన్సిల్‌తో గీకి, వాసన చూసి, నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తు పెట్టాలి. ఏ వాసనా రాకపోయినా సరే, ఏదో ఒకటి పెట్టి తీరాలి. ముక్కు అసలు పనిచేయనివాళ్లు గుడ్డిగా పెట్టుకుంటూ పోయినా ఓ 10 మార్కులు వస్తాయి. నష్టపరిహారం కోసం వాసన పోయిందని నటించేవాడేమో తెలిసిన జవాబుల్ని తప్పించుకుంటూ పోయి రెండు మూడు మార్కుల దగ్గర దొరికిపోతాడు. ఈ ఏర్పాటు నాకు భలే నచ్చింది.

చూపు తగ్గితే బస్సు బోర్డు కనపడదు, చెవుడొస్తే ఇంట్లోవాళ్లే విసుక్కుంటారు, మరి వాసన మెల్లగా తగ్గుతూ పోతే ఎవరు చెప్తారు? మాడు కంపుకి మేం వంటింట్లోకి పరిగెత్తేసరికి పాలగిన్నె నల్లగా అడుగంటి ఉంది, మా పెద్దమ్మ ఆ పొయ్యి పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. వాసన రాలేదా పెద్దమ్మా అంటే "జలుబు కదరా" అంది. జలుబూ లేదు, ఏమీ లేదు. అమెరికాలో బీవర్ డ్యామ్ అనే ఊళ్లో 53 ఏళ్లు దాటినవాళ్లని పరీక్షిస్తే 24.5 శాతం మందికి వాసన లోపం ఉంది, అడిగినప్పుడు ఒప్పుకున్నవాళ్లు 9.5 శాతం. ఇలాంటివాళ్లు ఒంటరిగా ఉండే ఇంట్లో గ్యాస్ లీకైతే, సిలిండర్‌లో కలిపిన ఆ ఘాటు వాసన ఎవరికోసం?

అలాగని మార్కులే వేదం కాదు. ఆ 40 వాసనల అమెరికా పరీక్షలో రూట్ బీర్ అనే అక్కడి కూల్‌డ్రింక్ వాసన ఉంటుంది, గుంటూరు తాతయ్య అది గుర్తుపట్టకపోతే తప్పు ఆయన ముక్కుదా? ఇంగువో కరివేపాకో పెట్టి చూడండి. ఇంకో రకం పేషెంట్లున్నారు, కోవిడ్ తర్వాత కాఫీ, వేయించిన ఉల్లిపాయ డ్రైనేజీ కంపు కొడుతున్నాయని తిండి మానేసినవాళ్లు. వాళ్లలో కొందరికి పరీక్షలో మార్కులు బాగానే వస్తాయి. అలాంటి మనిషిని కాగితం చూసి "నీకేం లేదు, టెన్షన్ పడకు" అని పంపించే డాక్టరు, ఇంకో రెండు ప్రశ్నలు అడిగి ఉండాల్సింది.