ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో చేరే ముందు చూడాల్సినవి

పర్యావరణం మీద ఇష్టంతో పీజీ చేద్దామనుకునేవాళ్ళు ముందు యూనివర్సిటీ పేరు చూస్తారు, తర్వాత ఫీజు చూస్తారు. ఉద్యోగానికి కావలసిన అర్హతలు మాత్రం కోర్సు అయిపోయి నోటిఫికేషన్ పడ్డాక చదువుతారు. నిజానికి ముందు చదవాల్సింది వాటినే.

ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ సంగతే తీసుకోండి. డిగ్రీలో పశుసంవర్ధక-పశువైద్య శాస్త్రం, బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, జియాలజీలలో ఏదో ఒకటి సబ్జెక్టుగా ఉండాలని, లేదా వ్యవసాయం, ఫారెస్ట్రీ, ఇంజినీరింగ్ డిగ్రీ ఉండాలని యూపీఎస్సీ అడుగుతుంది. ఆ జాబితాలో పర్యావరణ శాస్త్రం లేదు. మెయిన్స్ ఆప్షనల్స్‌లోనూ లేదు. కాబట్టి ఇంటర్ అవగానే పర్యావరణ కోర్సులో చేరేవాళ్ళు పక్కన కెమిస్ట్రీయో బోటనీయో ఉండేలా చూసుకోవాలి. కాలుష్య నియంత్రణ మండళ్ళలో ఇంజినీరు పోస్టులు బీటెక్ వాళ్ళవి. ఎమ్మెస్సీ వాళ్ళు ల్యాబుల్లోని అనలిస్టు పోస్టుల వైపు చూడాలి. సివిల్, కెమికల్ బీటెక్ చదివినవాళ్ళకు ఎంటెక్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగే సరైన దారి. గేట్‌లో 2021 నుంచి దీనికి విడిగా పేపరు ఉంది. లెక్చరర్‌గానో, జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్‌తో పరిశోధనకో వెళ్ళాలంటే యూజీసీ నెట్‌లో ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ సబ్జెక్టు ఉంది.

కన్సల్టెన్సీలకు వెళ్ళాలనుకుంటే లెక్క వేరు. కేంద్రం 2006లో ఇచ్చిన నోటిఫికేషన్ కింద పర్యావరణ ప్రభావ అంచనా నివేదికలు రాసే సంస్థలకు క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింద పనిచేసే నాబెట్ బోర్డు గుర్తింపు కావాలి. అందులో గాలి, నీరు, జీవవైవిధ్యం, భూగర్భజలం, భూవినియోగం, సామాజిక-ఆర్థికం అంటూ రంగాల వారీగా నిపుణులను ఆమోదిస్తారు. చదువు, అనుభవం రెండూ చూస్తారు. ఏ రంగంలోకి వెళ్తారో దాన్నిబట్టే ఎలెక్టివ్ ఉండాలి కాబట్టి, మూడో సెమిస్టర్‌లో ఏది తీసుకోవాలనేది అప్పుడు చూసుకుందాంలే అనుకోకండి.

ఇక సిలబస్. కోర్సు పేరు ఒకటే అయినా ఒకచోట బోటనీ వాసన, ఇంకోచోట కెమిస్ట్రీ, మరోచోట భూగర్భ, వాతావరణ శాస్త్రాలు ఎక్కువగా ఉంటాయి. ల్యాబుకు ఎన్ని క్రెడిట్లు, స్టాటిస్టిక్స్ పేపరు ఉందా, జీఐఎస్ (మ్యాపుల మీద సమాచారాన్ని విశ్లేషించే పద్ధతి) కంప్యూటర్ మీద నేర్పుతారా లేక పుస్తకంలోనేనా, నాలుగో సెమిస్టర్ ప్రాజెక్టు సెమిస్టర్ అంతా సాగుతుందా అనేవి పెన్ను పట్టుకుని గుర్తు పెట్టుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం ల్యాబు. చేరే ముందు ఒకసారి వెళ్ళి చూడండి. నీటిలోని మురికిని కుళ్ళబెట్టడానికి సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడతాయో చెప్పేది బీఓడీ పరీక్ష. దానికి వాడే ఇంక్యుబేటర్ ఎక్కడుందో అడగండి. మన దేశంలో ఈ పరీక్షను 27 డిగ్రీల దగ్గర 3 రోజులు నడుపుతారు. ఎండాకాలంలో కరెంటు పోయి బ్యాకప్ లేకపోతే లోపల వేడెక్కి సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను త్వరగా వాడేస్తాయి, అంకె పెరుగుతుంది. ఉష్ణోగ్రత లాగ్‌బుక్ చూపించమనండి. అది లేని చోట వచ్చే ఫలితాలను నమ్మలేం. అదే మురికిని రసాయనంతో ఆక్సీకరించి కొలిచే సీఓడీ పరీక్షలో డైక్రోమేట్‌తో 2 గంటలు మరిగించేటప్పుడు మెర్క్యూరిక్ సల్ఫేట్ వేస్తారు. అది వేయకపోతే తీరప్రాంతపు ఉప్పునీటిలోని క్లోరైడ్ కూడా లెక్కలోకి వచ్చి, ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఆ పరీక్ష తర్వాత మిగిలే పాదరసం, క్రోమియం కలిసిన ఆమ్లాన్ని ఏం చేస్తారో తప్పక అడగండి. దాన్ని సింకులో పారబోసే విభాగంలో పర్యావరణం నేర్చుకోవడం నాకు సమ్మతం కాదు. గాలి నమూనాల దగ్గర ఫిల్టర్ పేపర్లను డెసికేటర్‌లో (తేమ లేకుండా ఉంచే మూత పాత్రలో) ఆరబెట్టి తూస్తున్నారా అన్నది చూడండి. తేమ పట్టిన పేపరు బరువు ధూళి లెక్కలో కలిసిపోతుంది.

ప్రవేశాలకు తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీపీజీసెట్ ఉన్నాయి. జేఎన్‌యూ, ఢిల్లీ, పాండిచ్చేరి లాంటి కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ-పీజీ రాయాలి. అక్కడ సబ్జెక్టు పేపరు కోడ్ సరిగా ఎంచుకోవాలి. పరీక్షకు అర్హత ఉన్నంత మాత్రాన ప్రతి యూనివర్సిటీ అర్హతలకూ సరిపోతారని కాదు. వన్యప్రాణులే మీ మనసులో ఉంటే ఇవేవీ కాదు, బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ (నేషనల్ సెంటర్ ఫర్ బయోలాజికల్ సైన్సెస్), దెహ్రాదూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ కోర్సులు చూడండి. ఎన్‌సీబీఎస్ రెండేళ్ళకోసారే చేర్చుకుంటుంది కాబట్టి డిగ్రీ రెండో ఏడాదిలోనే ఆ తేదీలు కనుక్కోండి.