బబులోనులో బిడ్డల్ని పెంచడం

దానియేలు గ్రంథం మొదటి అధ్యాయంలో ఉన్నవి 21 వచనాలే. పిల్లల పెంపకం మీద ఎన్ని సెమినార్లకు వెళ్లినా అంత పనికొచ్చే సంగతి దొరకడం కష్టం. యూదా దేశం నుంచి బబులోనుకు చెరపట్టుకుపోయిన నలుగురు కుర్రాళ్లు, దానియేలూ అతని ముగ్గురు స్నేహితులూ, అక్కడి కల్దీయుల భాష, విద్య మూడేళ్లు నేర్చుకోవడానికి కాదనలేదు. పేర్లు మార్చి పిలిస్తే పలికారు. రాజుగారి కొలువుకు సిద్ధపడ్డారు. ఆగింది ఒక్కచోటే: రాజుగారి భోజనం తిని అపవిత్రం కాకూడదనుకున్నారు. అక్కడైనా పళ్లెం విసిరికొట్టలేదు. అధికారిని మర్యాదగా అడిగి, పది రోజులు శాకధాన్యాలూ నీళ్లూ పెట్టి చూడమన్నారు.

మన విశ్వాసుల ఇళ్లలో ఎక్కువగా జరిగేది దీనికి తలకిందులు. సినిమా వద్దు, జీన్స్ వద్దు, ఆ పాట వద్దు, ఈ స్నేహితుడు వద్దు, బర్త్‌డే పార్టీ వద్దు. వద్దులు ఇరవై దాకా తేలతాయి. పన్నెండేళ్లు వచ్చేసరికి వాటిలో సగం పెద్దవాళ్లే పాటించట్లేదని పిల్లలు కనిపెడతారు. ఇక ఆ రోజు నుంచి మిగతా సగానికీ విలువ ఉండదు. అందుకే గీతలు తక్కువ గీయాలి, గీసినవి ముందు పెద్దవాళ్లు దాటకూడదు. నాలుగు చాలు: ఆదివారం ఆరాధన, రోజూ కుటుంబ ప్రార్థన, అబద్ధం ఆడకపోవడం, ఒంటి విషయంలో పవిత్రత. మిగతావన్నీ వయసును బట్టి కూర్చుని మాట్లాడుకోవాల్సినవి. వాటిని ఆజ్ఞలుగా మార్చి పది ఆజ్ఞల పక్కన నిలబెట్టకండి.

మూడో గీత చిన్నగా కనిపిస్తుంది కానీ ఇంట్లో ముందు చెరిగేది అదే. అప్పులవాడు ఫోన్ చేస్తే "డాడీ స్నానం చేస్తున్నారని చెప్పు" అనడం, బస్సులో అర టికెట్టు కోసం వయసు తగ్గించి చెప్పించడం, ప్రాజెక్టు వర్కు మనమే చేసిపెట్టి పిల్లవాడి పేరు రాయించడం. ఇవి జరిగే ఇంట్లో లోకం చెడిపోయిందని ఎంత ప్రార్థించినా పిల్లలు నవ్వుకుంటారు.

కుటుంబ ప్రార్థన ఎందుకు ఆగిపోతుందో చాలామంది ఆలోచించరు, సాతాను మీద వేసేస్తారు. అసలు కారణం చాలాసార్లు గడియారమే. రాత్రి తొమ్మిదిన్నరకు, అన్నాలయ్యాక, చిన్నది నిద్రకు తూగుతుంటే మొదలుపెడితే ఏ ప్రార్థనా నిలవదు. అన్నానికి ముందు పెట్టండి. కంచాలు బల్ల మీద ఉంటాయి, అందరికీ ఆకలేస్తుంటుంది, ఎవరూ సాగదీయరు. మొత్తం పదిహేను నిమిషాలు దాటకూడదు. ఒక కీర్తనలో పల్లవి, రెండు చరణాలు: మూడు నిమిషాలు. పది పన్నెండు వచనాల చదువు: మూడు నాలుగు. మాటలకు ఐదు. ప్రార్థనకు మూడు. ఏడేళ్లలోపు పిల్లలే ఉంటే ఇందులో సగం చాలు.

ఏం చదవాలన్నది ఇంకో చిక్కు. ఆదికాండం ఒకటో అధ్యాయంతో ఉత్సాహంగా మొదలై, నిర్గమకాండం చివర గుడారం కొలతల దగ్గర నీరసించి, లేవీయకాండంలో మూతపడే ఇళ్లు లెక్కలేనన్ని. మార్కు సువార్తతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలు, రోజుకు సగం చొప్పున నెల రోజుల పని. తర్వాత యోసేపు కథ, ఆదికాండం 37, ఆపైన 39 నుంచి 50 దాకా. ఆ తర్వాత దానియేలు మొదటి ఆరు అధ్యాయాలు. సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలు, తేదీకొకటి చదవొచ్చని అందరూ చెబుతారు. చదవొచ్చు, కానీ పదేళ్లలోపు వాళ్లకు అది కథ లేని ఉపదేశం. టీనేజీకి ఉంచండి.

ఇంగ్లిష్ మీడియం పిల్లలకు మన పాత బైబిలు తెలుగు కొరుకుడు పడదు. "చదవరా" అంటే అక్షరాలు కూడబలుక్కుంటూ సిగ్గుపడతాడు, వారం తిరిగేసరికి కడుపునొప్పి అంటాడు. పెద్దవాళ్లు తెలుగులో చదివి, అదే భాగం పిల్లలు ఇంగ్లిష్‌లో చదవనివ్వండి. వాడుక భాషలో వచ్చిన అనువాదాలూ ఉన్నాయి. కంఠత వాక్యం మాత్రం తెలుగులోనే, వారానికి ఒకటే. ఏడాదికి యాభై. అవి చాలు.

చదివాక అడగాల్సినవి రెండు ప్రశ్నలు: "ఇందులో నీకు నచ్చనిది, అర్థం కానిది ఏముంది?" ఇది మొదట. "ఇవాళ బడిలో ఇలాంటిదేమైనా జరిగిందా?" ఇది తర్వాత. మొదటి ప్రశ్న వినగానే కొందరు తల్లిదండ్రులకు గుండె దడ. నచ్చనిది ఉండొచ్చా? ఉంటుంది. అది అన్నం బల్ల దగ్గర బయటపడితే మంచిదా, ఇరవై ఏళ్లకు హాస్టల్ గదిలో బయటపడితే మంచిదా? జవాబు తెలియకపోతే "నాకూ తెలియదు, ఆదివారం పాస్టర్ అయ్యగారిని అడుగుదాం" అనండి. ఆదివారం నిజంగా అడగండి.

ఇక ప్రార్థనలో జరిగే అతి పెద్ద పొరపాటు. "ప్రభువా, ఈ బిడ్డకు బుద్ధి దయచేయుము, ఫోను వ్యసనం నుండి విడిపించుము, తల్లిదండ్రుల మాట వినే మనసిమ్ము." ఇది దేవుడికి చేసిన ప్రార్థన కాదు, కళ్లు మూసుకుని పెట్టిన చీవాట్లు. పిల్లలకు ఆ బాణం ఎవరిమీదకో వెంటనే తెలుస్తుంది. పైగా ఎదురు చెప్పలేరు, ఆమేన్ కూడా అనాలి. పిల్లల మీద ఫిర్యాదు ఉంటే ప్రార్థనయ్యాక మామూలు గొంతుతో చెప్పండి. ప్రార్థనలో తండ్రి తన తప్పును ఒప్పుకోవాలి. "పొద్దున కోపంలో అరిచాను, క్షమించు ప్రభువా" అని తండ్రి నోట వినడం పది ప్రసంగాల పెట్టు. పిల్లలకు కోపం పుట్టించొద్దని ఎఫెసీ పత్రిక 6:4లో పౌలు చెప్పింది తండ్రులకే.

ఆదివారం గీతకు తెలుగు రాష్ట్రాల్లో అసలు పరీక్ష సినిమాహాలు దగ్గర కాదు, కోచింగ్ సెంటర్ దగ్గర. జేఈఈ, నీట్ బ్యాచ్‌ల్లో వారాంతపు టెస్టు ఆదివారం పొద్దున్నే పెట్టే చోట్లు ఎన్నో. తొమ్మిదో తరగతిదాకా ఒక్క ఆరాధన మాననివ్వని తల్లిదండ్రులు ఇంటర్ రెండేళ్లూ "చదువు కదా" అని వదిలేస్తారు. పిల్లలకు అర్థమయ్యేది ఒకటే: ర్యాంకు ముందు దేవుడు కూడా ఆగాల్సిందే. అడ్మిషన్ ఫీజు కట్టకముందే టెస్టు ఏ రోజు, ఎన్నింటికో అడగండి. ఆదివారమైతే మధ్యాహ్నం రాసే వీలుందా అని కాగితం మీద రాసివ్వండి, నోటిమాటగా వదలొద్దు. కుదరకపోతే పొద్దున ఆరున్నరకో సాయంత్రమో ఆరాధన ఉన్న సంఘం చూసుకోవాలి. హైదరాబాద్, విజయవాడల్లో రెండు మూడు ఆరాధనలు జరిపే సంఘాలు చాలా ఉన్నాయి. రెసిడెన్షియల్ అయితే నెలకు ఎన్ని ఔటింగులో ముందే తెలుసుకోవాలి. దానియేలు చేసింది ఇదే. కొలువులో ఉంటూనే అడిగాడు, గడువు పెట్టాడు, వేరే దారి చూపించాడు.

ఫోను సంగతికొస్తే, నిషేధం పని చేయదు, వదిలేయడం అసలే పని చేయదు. మూడు అంచెలు కట్టాలి. ఒకటి, ఇంటి వైఫై. రౌటర్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ అని రెండు గళ్లు ఉంటాయి. అక్కడ 1.1.1.3, 1.0.0.3 అని వేస్తే అశ్లీల సైట్లు చాలావరకు తెరుచుకోవు. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల ఉచిత సేవ ఇది. వేశాక రౌటర్ లాగిన్ పాస్‌వర్డ్ మార్చండి, లేకపోతే కంపెనీ ఇచ్చిన పాత పాస్‌వర్డ్‌తో మీ అబ్బాయే దాన్ని వెనక్కి తిప్పేస్తాడు. మొబైల్ డేటాకు మారినా, వీపీఎన్ వేసుకున్నా ఈ కంచె ఉండదు. టెలిగ్రామ్, వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే వీడియోలను ఇది అసలు చూడలేదు. అందుకే రెండో అంచె, ఫోను. ఆండ్రాయిడ్‌లో ఫ్యామిలీ లింక్‌తో కొత్త యాప్ వేయడానికి మీ అనుమతి పెట్టొచ్చు, రాత్రి తాళం వేయొచ్చు. పిల్లవాడి సొంత గూగుల్ ఖాతాతో ఉన్న ఫోనులోనే ఇది పని చేస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో టీన్ ఖాతాలకు రాత్రి పది నుంచి పొద్దున ఏడు దాకా నోటిఫికేషన్లు ఆగుతాయి, పదహారేళ్లలోపు వాళ్లు సెట్టింగు సడలించుకోవాలంటే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. పిల్లవాడు పుట్టిన సంవత్సరం తప్పుగా వేసి ఖాతా తెరిస్తే మాత్రం అదంతా వృథా. మళ్లీ మూడో గీత దగ్గరికే వచ్చాం. ఓటీటీల్లో ఏ వయసు వాళ్లు చూడొచ్చో చెప్పే యూ/ఏ 13+, యూ/ఏ 16+, ఏ (పెద్దలకు మాత్రమే) అనే గుర్తులుంటాయి. పిల్లలకు వేరే ప్రొఫైల్ పెట్టి, పెద్దవాళ్ల ప్రొఫైల్‌కు పిన్ వేయండి.

ఇన్ని చేసినా గండి పడేది ఎక్కడంటే తాతయ్య ఫోను. దానికి లాక్ ఉండదు, డేటా ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, మనవడు అడిగితే కాదనరు. ముందు ఆ ఫోను సరిచేయండి.

మూడో అంచె, చోటు. రాత్రి తొమ్మిదిన్నరకు ఇంట్లో ఫోన్లన్నీ హాల్లో ఒకే చార్జింగ్ పాయింట్ దగ్గరకు రావాలి. అన్నీ అంటే అన్నీ, నాన్నదీ అమ్మదీ కూడా. పొద్దున లేవడానికి అలారం గడియారం కొనుక్కోండి.

ఒంటి గురించి మాట్లాడడం సంఘాల్లో ఇంకా గుసగుసే. ఎవరూ చెప్పకపోతే రీల్స్ చెబుతాయి. ఐదారేళ్లకు అవయవాల పేర్లు, ఎవరు తాకకూడదో. తొమ్మిది పదేళ్లకు శరీరంలో రాబోయే మార్పులు, ఆడపిల్లకే కాదు మగపిల్లవాడికీ. పన్నెండు పదమూడుకు అశ్లీల వీడియోల గురించి పేరు పెట్టి చెప్పాలి: "ఎప్పుడో ఒకప్పుడు నీ కంటపడుతుంది, పడినప్పుడు వచ్చి చెప్పు, తిట్టను." ఆ తిట్టననే మాట నిలబెట్టుకోవాలి. ఎదురెదురుగా కూర్చుంటే ఈ మాటలు సాగవు. బండి మీదో, కారులోనో, గిన్నెలు కడుగుతూనో సాగుతాయి. పద్నాలుగేళ్లు దాటాక సామెతలు 5, 7 అధ్యాయాలూ (వ్యభిచారం గురించిన హెచ్చరికలు), ఆదికాండం 39 (యజమాని భార్య దగ్గర నుంచి యోసేపు పారిపోవడం) కలిసి చదవండి, బైబిలు దాచిపెట్టనిదాన్ని మనం దాచడం దేనికి? ఇంకో మాట. సండే స్కూలు, వీబీఎస్ (సెలవుల్లో పెట్టే బైబిలు బడి), యూత్ క్యాంపు అనగానే కళ్లు మూసుకోకండి. ఏ గదిలోనైనా పిల్లలతో కనీసం ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలని సంఘాన్ని అడగండి. ఏదైనా జరిగితే సంఘం పరువు కంటే బిడ్డ ముందు. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098.

చుట్టుపక్కల పండుగల విషయంలో మన పిల్లల్ని మనమే ఇబ్బంది పెడుతుంటాం. పక్కింటి ఆంటీ వినాయకచవితికి ప్రసాదం ఇస్తే ఏం చేయాలో ముందు చెప్పం, తిన్నాక కొడతాం. మొదటి కొరింథీ పత్రిక 10:27, 28లో పౌలు చెప్పినది (పెట్టింది ఆరా తీయకుండా తినండి, అర్పించినదని ఎవరైనా చెబితే తినకండి) ఇంట్లో ఒకసారి చదివి, మీ ఇంటి పద్ధతి ఏమిటో తేల్చి, ఆ మాట పిల్లల నోటికి నేర్పండి: "మేం తినం ఆంటీ, ఏమీ అనుకోవద్దు. మా క్రిస్మస్ కేక్ మీకు తెస్తాను." ఎదుటివాళ్ల దేవుళ్లను వెక్కిరించే మాట మాత్రం ఇంట్లో ఎవరి నోటా రాకూడదు, కూటంలో విన్నదైనా సరే.

కట్నం గురించి చెప్పకుండా లోకం విచ్చలవిడితనం గురించి మాట్లాడే హక్కు మనకు లేదు. కూతురు బీచ్‌కు వెళ్తే లోకస్తురాలైపోయిందని బెంగపడే ఇల్లు, కొడుకు పెళ్లికి "మీ ఇష్టం, మీ అమ్మాయికే కదా పెట్టుకునేది" అని నవ్వుతూ కార్లు, ప్లాట్లు తీసుకుంటుంది. దానిమీద పాస్టర్ గారు ప్రార్థన కూడా చేస్తారు. 1961 చట్టం ప్రకారం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరాలే, ఐదేళ్లకు తగ్గని జైలు. పబ్బులో కూర్చున్న కుర్రాడు కనీసం తను చేసేదాన్ని దీవెన అనడు. కొడుకు పదో తరగతిలో ఉండగానే "మన ఇంట్లో కట్నం తీసుకోం" అని అందరి ముందు చెప్పేయండి. సంబంధాలు చూసే రోజున మొదలుపెడితే అత్తయ్యలు, బాబాయిలు, మావయ్యలు నోరు పెగలనివ్వరు.

డబ్బు విషయం చిన్నదే: నెలకు 500 ఇస్తే 50 కానుక కవరు, 100 దాచుకునే కవరు, మిగతాది వాళ్లిష్టం. తన డబ్బులోంచి వేసిన కానుకకు, చర్చి గేటు దగ్గర అమ్మ చేతిలో పెట్టిన పది రూపాయలకు తేడా వాళ్లకు తెలుస్తుంది. బెట్టింగ్ యాప్‌ల గురించి కూడా ఈ కవర్ల దగ్గరే చెప్పండి.

ఇంటర్ అయ్యాక పిల్లలు బీటెక్‌కు, ఉద్యోగానికి బెంగళూరో చెన్నైయో, ఎంఎస్‌కు డాలస్సో వెళ్తారు. కొత్త ఊళ్లో మొదటి నెలలో ఆదివారం ఎక్కడికీ వెళ్లనివాళ్లు ఆ తర్వాత వెళ్లడం అరుదు. ఎవరో ఆపి కాదు, అలవాటు తప్పి. కాబట్టి హాస్టల్ చూడటానికి వెళ్లిన రోజే దగ్గర్లో సంఘం కూడా చూసి రండి. ఆరాధన ఎన్నింటికి, హాస్టల్ నుంచి ఏ నంబరు బస్సు, భాష ఏది, ఈ వయసు వాళ్లు ఎంతమంది వస్తారు. ఆ సంఘంలో ఒక కుటుంబంతో పరిచయం చేసుకుని, ఆదివారం మధ్యాహ్నం ఎప్పుడైనా భోజనానికి పిలవమని సిగ్గుపడకుండా అడగండి. "చర్చికి వెళ్లావా?" అని ఆదివారం సాయంత్రం ఫోన్ చేయకండి, అబద్ధం నేర్పినట్టే. శనివారం రాత్రి చేసి, అన్నానికి ముందు చదివే భాగం స్పీకర్ పెట్టి వాళ్లతోనే చదివించండి.