హైదరాబాద్‌ని బస్సులోంచి చూస్తే

మా చెల్లి వాళ్ళు నల్లగండ్లలో ఉంటారు. వెళ్ళిన ప్రతిసారీ ఆ చుట్టుపక్కల ఇంకో నాలుగు టవర్లు లేచి ఉంటాయి, అందరూ వాటి ఫొటోలే పెడతారు. నాకు మాత్రం ఈసారి అసలు మార్పంతా సిటీ బస్సులో కనిపించింది.

లింగంపల్లిలో కోఠి బస్సెక్కా. బస్సు నిండా ఆడవాళ్ళే. టిఫిన్ బాక్సులు పట్టుకుని ఇళ్ళల్లో పనికి పోయేవాళ్ళు, కాలేజీ పిల్లలు, హాస్పిటల్ ఫైలు ఒళ్ళో పెట్టుకున్న ముసలావిడ, ముందు సీట్లే కాదు వెనక దాకా వాళ్ళే. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైంది కదా, అప్పట్నుంచి తెలంగాణ ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి జీరో టికెట్. నేనూ దర్జాగా ఆధార్ తీశా. కండక్టరమ్మ దాన్నోసారి చూసి "ఆంధ్రా ఆధార్ నడ్వదు మేడం, టికెట్ తీస్కోండి" అంది. మా కాకినాడలో 2025 ఆగస్టు 15 నుంచి ఇదే కార్డుకి ఫ్రీ, ఇక్కడికొచ్చేసరికి డబ్బులు, రెండు రాష్ట్రాలయ్యాయని ఇన్నేళ్ళలో నాకు ఇంత గట్టిగా ఎప్పుడూ అనిపించలేదు!

పక్కన కూర్చున్నామె ఇళ్ళల్లో వంట చేస్తుందట. ఇంతకుముందు నడిచి వెళ్ళగలిగిన ఇళ్ళే ఒప్పుకునేదట, ఛార్జీలకే సగం జీతం పోతుందని, ఇప్పుడు దూరమైనా జీతం ఎక్కువిచ్చే ఇల్లు చూసుకుందట. వెనక నిలబడ్డ ఒకాయన "పైసలిచ్చేది మేమే, నిల్సునేది మేమే" అని గొణుగుతూనే ఉన్నాడు. ఆయన బాధా అబద్ధం కాదు, జనం పెరిగినంతగా బస్సులు పెంచకపోతే ఎవరైనా అదే అంటారు. కాకపోతే ఆ కోపం ఆడవాళ్ళ మీద కాదు చూపించాల్సింది.

తిరిగొచ్చేటప్పుడు మెట్రో. అమీర్‌పేట్‌లో సాయంత్రం ఎర్ర లైన్ నుంచి నీలం లైన్‌కి మారడమంటే మనం నడవక్కర్లేదు, జనమే మోసుకెళ్ళి వదులుతారు. 2017లో మొదలైన రైళ్ళు, ఇప్పటికీ మూడు బోగీలే. లోపల ఒక్కరు మాట్లాడితే ఒట్టు, అందరి చెవుల్లో ఏదో ఒకటి ఉంటుంది. బస్సులో అయితే దిగేలోపు పక్కావిడ కూతురి పెళ్ళి సంబంధాల దాకా తెలిసిపోతాయి. కింద మైత్రీవనం దగ్గర మాత్రం కోచింగ్ బోర్డులు అలాగే ఉన్నాయి, ఒకప్పుడు జావా, ఒరాకిల్ అని ఉన్నచోట ఇప్పుడు ఏఐ, డేటా సైన్స్ అని రాశారు, అంతే తేడా.

చెల్లి వాళ్ళ గేటెడ్ కమ్యూనిటీలో మధ్యాహ్నం చూడాలి మీరు. పిల్లలు స్కూల్లో, పెద్దవాళ్ళు ఆఫీసులో, మిగిలేది సెక్యూరిటీ, డెలివరీ అబ్బాయిలు, బెంచీల మీద అమ్మమ్మలు తాతయ్యలు. పది రూపాయల కొత్తిమీర కోసం కూడా ఒక కుర్రాడు బండేసుకుని వచ్చి, గేటు దగ్గర పేరు రాసి, లిఫ్ట్ కోసం నిలబడి, పైకొచ్చి ఇచ్చి పరిగెడతాడు. మా చెల్లికి ఇది మామూలైపోయింది, నాకు మాత్రం ఆ కొత్తిమీర తీసుకోవాలంటే మొహమాటంగా ఉంది.

బెంచీ మీద పరిచయమైన పెద్దమ్మది జగిత్యాల. కొడుకు దగ్గరికొచ్చి రెండేళ్ళయిందట, గుడికి తప్ప ఎక్కడికీ వెళ్ళలేదు. వెళ్తానంటే కోడలు క్యాబ్ బుక్ చేస్తానంటుంది, అన్ని డబ్బులెందుకని ఈవిడ మానేస్తుంది. మరి మీకు బస్సు ఫ్రీ కదా అంటే "బస్సు ఏడ ఆగుతదో నాకేం ఎరుక బిడ్డా" అంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం కోఠి వెళ్ళాం. ఆవిడకి జీరో టికెట్, నాకు మామూలు టికెట్. రెండు లంగాలు, ఒక స్టీలు డబ్బా బేరమాడి కొనుక్కుంది, నాకంటే బాగా బేరమాడింది. కోడలికి మాత్రం గుడికి వెళ్ళొచ్చామనే చెప్పింది.