అవివేకం: వేరుచేయని బుద్ధి

ఎవరినైనా అవివేకి అన్నామంటే తెలివిలేనివాడు అన్నామనే అనుకుంటాము. ఆ మాట పుట్టుక చూస్తే మాత్రం తప్పు తెలివిది కాదని తెలుస్తుంది. 'విచ్' ధాతువుకు వేరుచేయడమని అర్థం. దాని నుంచి వచ్చినదే వివేకం. మా అమ్మమ్మ చేటలో బియ్యం చెరిగేటప్పుడు ఊక దానంతట అదే ఎగిరిపోయేది గాని, గింజ రంగులోనే ఉండే తెల్లరాయి కోసం ఆమె చేటను వెలుగుకు తిప్పి, వేలితో గింజలను జరుపుతూ చాలాసేపు వెతికేది. వివేకమంటే నాకు ఆ వేలే గుర్తుకు వస్తుంది.

గీత 18వ అధ్యాయంలో భగవానుడు బుద్ధిని మూడు విధాలుగా చెప్పాడు. చేయదగినదీ చేయరానిదీ తెలిసినది సాత్త్వికం; వాటిని ఉన్నవి ఉన్నట్లు గ్రహించలేనిది రాజసం. ఇక మూడవది:

అధర్మం ధర్మమితి యా మన్యతే తమసావృతా
సర్వార్థాన్ విపరీతాంశ్చ బుద్ధిః సా పార్థ తామసీ

చీకటి కమ్మి, అధర్మాన్నే ధర్మమనుకుంటూ అన్నిటినీ తలకిందులుగా చూసే బుద్ధి తామసమని భావం. 'వినాశకాలే విపరీతబుద్ధి' అని మనం నిత్యం అనే మాటలోని విపరీతం ఇదే. ఇక్కడ బుద్ధి లేకపోలేదు, అది పనిచేస్తూనే ఉన్నది. రాయిని గింజగా ఎంచి దాచుకుంటున్నది.

అజ్ఞానికి చెప్పేవారుంటే చాలు, అవివేకికి అది సరిపోదనడానికి ధృతరాష్ట్రుణ్ణి మించిన ఉదాహరణ లేదనిపిస్తుంది. ఉద్యోగపర్వంలో నిద్రపట్టని రాత్రి విదురుని చేత నీతి అంతా చెప్పించుకుని, అది నిజమేనని ఒప్పుకొని, పాండవుల వైపు మొగ్గిన తన బుద్ధి దుర్యోధనుణ్ణి చూడగానే మళ్ళీ తిరగబడుతుందని తానే అన్నాడు. 'విపరివర్తతే' అన్నది అక్కడ ఆయన వాడిన మాట. తన జబ్బు పేరు అంత స్పష్టంగా తెలిసినవాడు కూడా దాని నుంచి బయటపడలేదు.

ఆయన వేరుచేయలేదని కూడా అనలేము. గీత తొలి శ్లోకంలోనే 'మామకాః పాండవాశ్చైవ' అని, నావాళ్ళు, పాండురాజు కొడుకులు అని విడదీశాడు. ధర్మాధర్మాల మధ్య గీయవలసిన గీతను తన బిడ్డలకూ తమ్ముడి బిడ్డలకూ మధ్య గీశాడు. పారాయణకు కూర్చున్న ప్రతిసారీ ఆ 'మామకాః' దగ్గర నా గొంతు కాసేపు ఆగుతుంది.