డీజిల్ ఎస్‌యూవీ కొనేముందు పాత ఓనర్ దాన్ని ఎలా తిప్పాడో అడగండి

"నెలకు వెయ్యి, పన్నెండొందల కిలోమీటర్లు దాటితే డీజిల్, దాటకపోతే పెట్రోల్." కారు కొంటానని నోరు తెరిస్తే చాలు, ఆఫీసులో కొలీగ్ ఇదే చెప్తాడు, పెళ్లిలో కలిసిన మామయ్య ఇదే చెప్తాడు, అపార్ట్‌మెంట్‌లో కార్లు కడిగే కుర్రాడు కూడా ఇదే చెప్తాడు. కొత్త కారుకైతే ఈ లెక్క దాదాపు సరిపోతుంది. సెకండ్‌హ్యాండ్ బండికి ఇది సగం లెక్కే. మీరు ఎంత తిప్పబోతున్నారన్నది ఒక సంగతి, మీకంటే ముందు ఆ బండిని ఎవరు, ఏ రోడ్ల మీద, ఎలా తిప్పారన్నది ఇంకో సంగతి. ఈ రెండోది తెలియకుండా డీజిల్ ఎస్‌యూవీ మీద ఎనిమిది తొమ్మిది లక్షలు పెట్టడం నా దృష్టిలో జూదమే.

డబ్బు సంగతి ముందు తేల్చేద్దాం, అది తేలిక. 2024 మార్చిలో లీటరుకు రెండు రూపాయలు తగ్గించిన తర్వాత హైదరాబాద్‌లో పెట్రోల్ 107 పైచిలుకు, డీజిల్ 95 పైచిలుకు దగ్గర నిలబడ్డాయి. ఆంధ్రాలో రెండూ ఇంకొంచెం ఎక్కువే, తేడా మాత్రం అక్కడా పన్నెండు రూపాయల చుట్టూనే. ఒకప్పుడు, అంటే 2012 ప్రాంతంలో, ఈ తేడా ముప్ఫై దాటి ఉండేది కాబట్టి జనం కళ్లు మూసుకుని డీజిల్ కొనేవాళ్లు. 2014 అక్టోబర్‌లో డీజిల్ ధర మీద ప్రభుత్వం కంట్రోల్ తీసేశాక ఆ రోజులు పోయాయి. ఇప్పుడు డీజిల్ మిగిల్చేది ధరలో కంటే మైలేజీలోనే ఎక్కువ. క్రెటా సైజు బండి సిటీ, హైవే కలిపి పెట్రోల్‌కి 12, డీజిల్‌కి 16 ఇస్తుందనుకోండి. పెట్రోల్‌కి కిలోమీటరుకు దాదాపు 9 రూపాయలు, డీజిల్‌కి 6. తేడా మూడు రూపాయలు.

ఈ మూడు రూపాయలు గుర్తుపెట్టుకుంటే చాలు. ఒకే ఏడాది, ఒకే వేరియంట్‌లో డీజిల్ బండి పెట్రోల్ కంటే లక్షన్నర ఎక్కువ చెప్తున్నారా? మూడుతో భాగించండి, యాభై వేల కిలోమీటర్లు తిరిగాకే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. నెలకు 800 కిలోమీటర్లు తిరిగేవాడికి అయిదేళ్లు దాటుతుంది. ఆ అయిదేళ్లలో డీజిల్ బండికి ఒక్క పెద్ద రిపేరు వచ్చినా మొత్తం లెక్క తలకిందులు.

ఆ పెద్ద రిపేరు వస్తుందా రాదా అన్నది పాత ఓనర్ చేతిలో ఎప్పుడో తేలిపోయి ఉంటుంది.

మా పెద్దమ్మ కొడుకు కూకట్‌పల్లిలో ఉంటాడు. ఒకరోజు ఫోన్ చేసి, "అన్నా, అదిరిపోయే బండి దొరికింది, 2021 మోడల్, డీజిల్, ముప్ఫై రెండు వేలే తిరిగింది, సింగిల్ ఓనర్, డాక్టర్ గారి బండి" అన్నాడు. ఈ డాక్టర్ గారి బండి అనే మాట వింటే నాకు నవ్వొస్తుంది, ఊళ్లో ఉన్న డాక్టర్లందరూ రోజూ కార్లు అమ్ముకుంటూ కూర్చుంటారా అనిపిస్తుంది. అయినా నిజమే అనుకుందాం. "ఆయన ఇల్లెక్కడ, ఆసుపత్రి ఎక్కడ?" అని అడగమన్నాను. ఇల్లు నిజాంపేట, ఆసుపత్రి నాలుగు కిలోమీటర్ల దూరం, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. అంతే, పొదుపుగా వాడిన బండి. "వద్దురా" అన్నాను. వాడికి అర్థం కాలేదు, తక్కువ తిరిగిన బండిని వద్దనేవాడు ఎవడుంటాడు?

అసలు కిటుకు బీఎస్6 అనే కాలుష్య నిబంధనల్లో ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్6 వచ్చింది కదా, దాంతో డీజిల్ కార్ల సైలెన్సర్ లైన్‌లోకి డీపీఎఫ్ వచ్చి చేరింది. పొగలో ఉండే మసిని పట్టుకునే ఫిల్టర్ అది. పట్టుకున్న మసి అందులోనే పేరుకుంటుంది కాబట్టి, మధ్యమధ్యలో దాన్ని అక్కడే కాల్చి బూడిద చేసుకోవాలి, దీన్నే రీజనరేషన్ అంటారు. మసి కాలాలంటే ఫిల్టర్ దగ్గర 550, 600 డిగ్రీల వేడి కావాలి. హైవే మీద బండి స్థిరంగా పరుగెడుతుంటే ఈ పని సాఫీగా జరిగిపోతుంది, డ్రైవర్‌కి తెలియను కూడా తెలియదు. అదే నాలుగు కిలోమీటర్లు ట్రాఫిక్‌లో పాకి ఆగిపోయే బండిలో ఇంజినే సరిగ్గా వేడెక్కదు, ఇక ఫిల్టర్ ఎక్కడ వేడెక్కుతుంది? అప్పుడు బండిలోని కంప్యూటర్ కొంచెం డీజిల్ అదనంగా చల్లి బలవంతంగా వేడి పుట్టించాలని చూస్తుంది. పని సగంలో ఉండగానే డాక్టర్ గారు ఆసుపత్రి పార్కింగ్‌లో ఇంజిన్ ఆపేస్తారు. సాయంత్రం మళ్లీ మొదలు, మళ్లీ సగంలో ఆపడం. అలా చల్లిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల మీదుగా కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పలచబడుతుంది, బేరింగులకీ, ఇంజిన్‌లోకి గాలి గట్టిగా నెట్టే టర్బోకీ అదే ఆయిల్.

అందుకే బీఎస్6 డీజిల్ చూడ్డానికి వెళ్తే నేను మొదట చూసేది కిలోమీటర్ల రీడింగ్ కాదు, ఇంజిన్ ఆయిల్ మట్టం చూపే కడ్డీ, అంటే డిప్‌స్టిక్. మామూలుగా ఆయిల్ తగ్గిందేమోనని చూస్తాం, ఇక్కడ పెరిగిందేమో చూడాలి. మార్కు దాటి పైకి ఉండి, ముట్టుకుంటే పలచగా, డీజిల్ వాసన వస్తుంటే ఇక ఆ బండి గురించి మాట్లాడుకోవడం అనవసరం. తర్వాత స్కానర్ ఉన్న మెకానిక్‌ని తీసుకెళ్లండి. ఫిల్టర్‌లో మసి ఎంత శాతం ఉంది, ఎన్ని కిలోమీటర్లకోసారి రీజనరేషన్ అవుతోంది అన్నవి చాలా బండ్లలో స్కానర్‌కి కనిపిస్తాయి. కొన్ని వందల కిలోమీటర్లకోసారి అవుతుంటే ఫర్వాలేదు, వంద కూడా తిరక్కుండానే మళ్లీ మళ్లీ అవుతుంటే ఫిల్టర్ చివరి దశలో ఉన్నట్టే. మార్చాల్సి వస్తే చాలా ఎస్‌యూవీలకు లక్ష రూపాయల చుట్టుపక్కల మాట. కొందరు ఫిల్టర్ కోసి లోపలిది తీసేసి సాఫ్ట్‌వేర్ మార్చి అమ్మేస్తుంటారు. అది చట్టవిరుద్ధం, పైగా రేపు మీరు అమ్మేటప్పుడు ఆ తలనొప్పి మీదే.

ఇప్పుడు దీన్ని తిరగేసి చూడండి. ఖమ్మంలో ఉండి వారానికోసారి హైదరాబాద్ వచ్చిపోయే కాంట్రాక్టర్ బండి, నాలుగేళ్లలో లక్ష పది వేలు తిరిగింది. రీడింగ్ చూసి జనం పారిపోతారు, ధర కూడా దిగుతుంది. కానీ ఆ ఇంజిన్ చల్లగా స్టార్ట్ అయ్యి మూడు నాలుగు గంటలు ఒకే ఊపులో నడిచింది, డీపీఎఫ్ ఎప్పటికప్పుడు శుభ్రపడింది, క్లచ్ మీద ట్రాఫిక్ తొక్కుడు తక్కువ. సర్వీస్ రికార్డు పక్కాగా ఉంటే ఆ బండినే నేను కొంటాను. టైర్లు, సస్పెన్షన్ బుష్‌లు మార్చాల్సి రావచ్చు, ఆ ఖర్చు ముందే కనిపించే ఖర్చు, బేరంలో తగ్గించుకోవచ్చు.

బీఎస్4 డీజిల్ సంగతి పూర్తిగా వేరు. 2020 మార్చి లోపు బండ్లు, మన బడ్జెట్ ఎస్‌యూవీల్లో చాలావాటికి డీపీఎఫ్ లేదు. పాత బ్రెజా 2016లో వచ్చినప్పుడు డీజిల్ ఒక్కటే, అందులో ఉన్నది ఫియట్ నుంచి వచ్చిన 1248 సీసీ ఇంజిన్. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఎర్టిగా, ఇండికా విస్టా, అన్నిటికీ ఇదే గుండె. అందుకే మిర్యాలగూడలో అయినా మార్కాపురంలో అయినా దాన్ని విప్పి బిగించగల మెకానిక్ దొరుకుతాడు. మొదటి తరం క్రెటా 1.6 డీజిల్ నడపడానికి మాత్రం ఇంకా ముచ్చటగా ఉంటుంది, 128 పీఎస్, హైవే మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఆ ఊపే వేరు. ఒక చిన్న చిక్కు, దాని ఇంజిన్ 1582 సీసీ. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ప్రీమియం సీసీని బట్టి ఉంటుంది కదా, 2022 జూన్‌లో ఖరారైన రేట్ల ప్రకారం 1000 నుంచి 1500 సీసీ లోపు కారుకు ఏడాదికి 3,416 అయితే, 1500 దాటితే 7,897. ఎక్స్‌యూవీ500, స్కార్పియో కూడా ఈ రెండో కోవే. ఏటా నాలుగున్నర వేలు అదనం, అంటే ఇందాకటి మూడు రూపాయల లెక్కలో పదిహేను వందల కిలోమీటర్ల పొదుపు ఇన్సూరెన్స్‌కే పోతుంది. ఎవరూ చెప్పరు ఇది.

పాత డీజిల్‌లో డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు, టర్బో, పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్, క్లచ్, ఈ నాలుగూ చూసుకోవాలి. చూసే పద్ధతి సింపుల్. వెళ్లేముందు ఫోన్ చేసి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టండి, వేడిగా ఉందంటే ఏదో దాస్తున్నారు. చల్లటి ఇంజిన్ ఒక్క సెల్ఫ్‌కి అందుకోవాలి. తెల్ల పొగ కాసేపటికి కూడా ఆగకపోతే ఇంజెక్టర్ల అనుమానం, నీలం పొగ అయితే ఆయిల్ కాలుతోంది. నడుస్తున్న ఇంజిన్‌కి ఆయిల్ మూత తీస్తే రైలింజిన్‌లా పొగ గుప్పుగుప్పున తన్నుతుంటే పిస్టన్ రింగులు అరిగిపోయినట్టే, ఇంజిన్ దించాల్సి వస్తుంది. ఇంకొకటి, కంపెనీ ఇక్కడ ఉందా లేదా చూసుకోండి. ఫోర్డ్ 2021 సెప్టెంబర్‌లో ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నామని చెప్పింది. ఈకోస్పోర్ట్ డీజిల్ నిజంగా మంచి బండి, చవగ్గానూ వస్తోంది, కానీ మీ ఊరికి దగ్గర్లో దాన్ని చూసేవాడు ఎవరో కనుక్కున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.

పెట్రోల్‌ని పొగడటానికి ఇదంతా చెప్పడం లేదు, దానికి ఇప్పుడు దాని టెన్షన్ దానికుంది. బంకుల్లో దొరికేది ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్‌తో పోలిస్తే మూడో వంతు తక్కువ. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండ్లలో చాలావరకు దీన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు, మనం కొనే సెకండ్‌హ్యాండ్ పెట్రోల్ బండ్లలో ఎక్కువ భాగం ఇవే. 2021లో నీతి ఆయోగ్ నివేదికలోనే పాత పద్ధతి కార్లకు మైలేజీ 6, 7 శాతం తగ్గొచ్చని రాశారు. అలాగైతే నా లెక్కలో 12 కాస్తా పదకొండుంబావు అవుతుంది, మూడు రూపాయల తేడా మూడున్నర అవుతుంది. రబ్బరు పైపులు, ఫ్యూయల్ పంప్ గురించి కూడా ఓనర్స్ మాన్యువల్‌లో ఏం రాశారో ఒకసారి తెరిచి చూడండి, ఇంధన మూత లోపల స్టిక్కర్ ఉంటే అదీ చూడండి.

అయినా సిటీలోనే తిరిగే కుటుంబానికి నేను టర్బో లేని పెట్రోల్, అదీ మాన్యువల్ గేర్ బండే చెప్తాను. చెడిపోయే భాగాలు తక్కువ, పాత ఓనర్ ఎంత పిసినారి అయినా దాన్ని పాడుచేయడం కష్టం. టర్బో పెట్రోల్, డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్ కాంబినేషన్ నడపడానికి సూపర్, కానీ వారంటీ అయిపోయిన బండిలో అది నాకు డీజిల్ కంటే ఎక్కువ భయం. అయిదుగురు, డిక్కీ నిండా సామాను, ఏడాదికి నాలుగైదుసార్లు శ్రీశైలం ఘాట్, తిరుమల ఘాట్ అంటే మాత్రం చిన్న పెట్రోల్ ఇంజిన్ రొప్పుతుంది, ఏసీ ఆపాల్సి వస్తుంది. ఏడాదికి ఆ నాలుగు రోజుల కోసం మిగతా 360 రోజులు డీజిల్ మోయాలా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాలి. మా తమ్ముడు తేల్చుకున్నాడు, 2019 పెట్రోల్ తీసుకున్నాడు, ఇప్పుడు మైలేజీ రావట్లేదని నన్నే తిడుతున్నాడు.

చివరగా ఢిల్లీ బండ్ల గురించి, ఎందుకంటే హైదరాబాద్‌లో తక్కువ ధరకు కనిపించే డీజిల్ ఎస్‌యూవీల్లో ఇవి బాగా ఉంటాయి. ఢిల్లీ ఎన్‌సీఆర్‌లో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ తిరగకూడదని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025 ఆగస్టులో అదే సుప్రీంకోర్టు వయసు ఒక్కటే చూసి ఓనర్ల మీద కఠిన చర్యలు వద్దంది, డిసెంబర్‌లో ఆ ఊరటను బీఎస్4, ఆపై బండ్లకే పరిమితం చేసింది. ఏమైనా ఆ భయానికి అక్కడ డీజిల్ ధరలు ఎప్పుడో పడిపోయాయి, మన దగ్గర ఆ పదేళ్ల నిబంధన లేదు కాబట్టి ఇక్కడికి తెచ్చి అమ్ముతున్నారు. బండి మంచిదే కావచ్చు. కానీ అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, రావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, తర్వాతే టీజీ నంబర్. అమ్మేవాడు "ట్యాక్స్ ఎంతో కాదు సార్, చూసుకుందాం" అంటాడు. చూసుకుందాం కాదు, ఆ మొత్తం ఎంతో ఆర్టీఏ ఆఫీసులో కనుక్కుని, బండి ధరకు కలిపి, అప్పుడు పక్కన ఉన్న లోకల్ బండితో పోల్చండి. ఎన్‌ఓసీ కాగితం చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు.